ఎండునేల బాటలో కొండగుర్తులు

తెలుగులో "కొండగుర్తు" అనే చక్కని మాట ఒకటి ఉన్నది. బాటసారి దారి తప్పకుండా మనస్సులో నిలుపుకొనే ఆనవాలు అని దాని భావం. ఈ మాట మా తణుకు ప్రాంతంలో పుట్టి ఉండదు. గోదావరి డెల్టాలో కనుచూపు మేర నేలంతా పీట వేసినట్లు చదును. ఇక్కడ మనకు దారి చెప్పేవి కాలువ లాకులు, తాటితోపులు, గుడిగోపురాలు, మిల్లు పొగగొట్టాలు. బావి త్రవ్వితే బంకమన్ను, దాని క్రింద ఇసుక, మళ్ళీ బంకమన్ను. గునపానికి రాయి తగలదు. అందుచేత మన విద్యార్థులు శిలలను గూర్చి పుస్తకంలో చదువుకోవడమే గాని, పుట్టినచోటనే ఉన్న రాతిని చూచే అవకాశం వారికి అరుదు.

ఆనవాలు ప్రాణంతో సమానమైన చోట్లు కూడా ప్రపంచంలో ఉన్నవి. ఆఫ్రికాలోని సహారా ఎడారిలో, నైజర్ దేశంలో, తెనెరే అనే ఇసుక మైదానం ఉన్నది. దాని మధ్య తుమ్మజాతికి చెందిన చెట్టు ఒకటి ఒంటరిగా ఉండేది. చుట్టూ ఎంతో దూరం మరొక చెట్టు లేదు. ఒంటెల బిడారులు దానిని చూచుకొని దారి సరిచేసుకొనేవి. పెద్ద దేశపటాలలో సైతం ఆ ఒక్క చెట్టును గుర్తించారు. 1938-39 శీతకాలంలో దాని ప్రక్కన బావి త్రవ్వినప్పుడు, దాని వేళ్ళు 30 మీటర్లకు పైగా దిగి భూగర్భజలాన్ని అందుకొన్నట్లు తెలిసింది. అంతటి చెట్టు 1973లో ఒక లారీ గుద్దుకొని కూలిపోయింది. నేడు ఆ చోట లోహంతో చేసిన చెట్టుబొమ్మ నిలబడి ఉన్నది. అసలు మోడు నియామే నగరంలోని మ్యూజియంలో ఉన్నది.

ఆ చెట్టు బిడారులకు దారి చెప్పింది. శాస్త్రజ్ఞునికి ఇసుక క్రింద నీరు ఎంత లోతున ఉన్నదో చెప్పింది. ఎండునేలలోని కొండగుర్తులు చాలావరకు ఇట్లాంటివే. చూడడానికి రాయి, చెట్టు, గుంట, దిబ్బ. అడిగి చూస్తే మాత్రం ప్రతిదీ నీటి కథే చెబుతుంది. ఆ దృష్టితో మన రాష్ట్రంలోని ఎండునేల బాట ఒకదానిని అనుసరిద్దాం.

ఎడారికి వాకిలి

సాలుకు 250 మిల్లీమీటర్లకన్న తక్కువ వాన కురిసే ప్రాంతాన్ని సాధారణంగా ఎడారి అంటారు. రాజస్థాన్‌లోని జైసల్మేరు ఆ కోవలోది. అనంతపురం ప్రాంతంలో సగటున 550 మి.మీ. వరకు కురుస్తుంది. కాబట్టి అది ఎడారి కాదు, అర్ధశుష్క ప్రాంతం. అయినా దేశంలో మిక్కిలి తక్కువ వాన పడే జిల్లాలలో అది ఒకటి. మన ప్రాంతంలో కురిసేదానిలో అది ఇంచుమించు సగం. పైగా మనకు వానతోబాటు కాలువ కూడా ఉన్నది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినప్పటినుంచి మన పొలాలు ఆకాశంవైపు మాత్రమే చూడనక్కరలేకపోయింది. ఆ సదుపాయం రాయలసీమలో చాలా గ్రామాలకు లేదు.

అక్కడ వాన ఎందుకు తక్కువ? నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రంనుంచి వస్తూ పడమటి కనుమలను ఎక్కుతాయి. పైకి లేచిన గాలి చల్లబడి, అందులోని నీటిఆవిరి వానగా పడిపోతుంది. కనుమలు దాటి ఇవతలకు దిగే గాలి పొడిగాలి. దీనినే వర్షచ్ఛాయ అంటారు. ఇక ఈశాన్య ఋతుపవనాలు, బంగాళాఖాతంలోని వాయుగుండాలు కోస్తాను తడిపి, నల్లమల, వెలికొండలు దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈ విధంగా రెండు పవనాలకూ చివరి పంక్తిలో కూర్చున్న అతిథి అనంతపురం.

తణుకునుంచి బెజవాడ, గుంటూరు చేరి, అక్కడినుంచి నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, బనగానపల్లె, కొలిమిగుండ్ల, తాడిపత్రిమీదుగా అనంతపురం పోయే జాతీయ రహదారి ఉన్నది. మొత్తం అయిదువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. వరిచేలతో మొదలై, మిరప, పొగాకు, కంది, వేరుసెనగ చేలగుండా, చివరకు ముళ్ళతుప్పలలో ముగిసే ఈ దారిని మించిన భూగోళపాఠం మన విద్యార్థులకు దొరకదు.

పలక పుట్టిన ఊరు

వినుకొండ దాటిన తర్వాత, దారికి కొద్ది దూరంలో, మార్కాపురం ఉన్నది. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకొన్న రాతిపలకలు ఇక్కడి గనులలోనివే. పలకల ఫ్యాక్టరీల చుట్టూ విరిగిన రాతిముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. అవే ఇక్కడి కొండగుర్తులు.

పలకరాయి ఒకప్పుడు బురద. కడప, కర్నూలు, ప్రకాశం ప్రాంతాలలో చంద్రవంక ఆకారంలో పెద్ద పల్లం ఒకటి ఉండేది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప హరివాణం అంటారు. దాదాపు 190 కోట్ల సంవత్సరాల క్రిందటినుంచి సముద్రం ఈ పల్లంలోకి వస్తూ పోతూ ఉండేది. నీటి అడుగున పేరుకొన్న సన్నని బురద పైబరువుకు గట్టిపడి మట్టిరాయి అయింది. పిమ్మట భూమి పొరలు ప్రక్కలనుంచి నొక్కుకొన్నప్పుడు, ఆ ఒత్తిడికి, వేడికి, అందులోని అభ్రకంవంటి పలుచని రేకులన్నీ ఒకే వైపుకు తిరిగి బారులు తీరినవి. పేకముక్కల కట్టవలె ఆ వైపునుంచి మాత్రమే రాయి విడిపోతుంది. అందుచేతనే ఉలి పెట్టి తట్టితే పలక పలకగా ఊడివస్తుంది. మన డెల్టాలోని బంకమన్నుకు కూడా కోట్ల సంవత్సరాల వ్యవధి, తగిన ఒత్తిడి దొరికితే అదే గతి పట్టవచ్చు.

ఆ మీదట కంభం వస్తుంది. అక్కడ రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన పెద్ద చెరువు విజయనగర రాజుల కాలంనాటిది. ప్రకృతి వదలిపెట్టిన సందును మనుష్యులు మట్టితో మూసి నీటిని నిలిపారు. వాన తక్కువైన సీమలో ఊళ్ళపేర్లను గమనించండి: చెరువు, కుంట, బుగ్గ అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. తాడిపత్రిలో పెన్న ఒడ్డునగల ఆలయానికి బుగ్గ రామలింగేశ్వరాలయమనే పేరు. బుగ్గ అంటే ఊట. నీరు అరుదైనచోట, అది కనిపించిన ప్రతి తావుకూ మనుష్యులు పేరు పెట్టుకొన్నారు.

బనగానపల్లె బూడిద

గిద్దలూరు దాటి నల్లమల కనుమ ఎక్కి దిగితే కుందూనది లోయ, ఆపైన బనగానపల్లె. మామిడిపండు వల్ల ఈ ఊరిపేరు అందరికీ తెలుసు. ఊరికి చేరువలోనే, జుర్రేరు వాగు లోయలో, జ్వాలాపురమనే గ్రామం ఉన్నది. అక్కడి మట్టిలో తెల్లని పొర ఒకటి కనిపిస్తుంది. అది సున్నం కాదు, అగ్నిపర్వతపు బూడిద.

ఆంధ్రదేశంలో అగ్నిపర్వతం ఎక్కడిదని మీరడగవచ్చు. ఈ బూడిద ఇక్కడిది కాదు. సుమారు 74,000 సంవత్సరాల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం బ్రహ్మాండంగా బద్దలైంది. నేడు దాని నోటిలో దాదాపు వంద కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉన్నది. ఆ బూడిద గాలిలో సుమారు 2,600 కిలోమీటర్లు ప్రయాణంచేసి మన దేశంమీద రాలింది. ఆకాశంనుంచి పడినది పలుచని పొరే. కాని ఆనాడు జుర్రేరు లోయలో నీటిమడుగు ఉండేది. చుట్టుప్రక్కల వాలులమీద పడిన బూడిదనంతా వానలు కడిగి ఆ మడుగులోకి తెచ్చినవి. అందువల్ల ఇక్కడ పొర మందం రెండు మీటర్లకు పైగా ఉన్నది. నీరు పోగుచేసి దాచి ఉండకపోతే ఈ బూడిద ఎప్పుడో గాలిలో కలిసిపోయేది.

ఈ పొర క్రిందనూ, పైననూ ఆదిమానవుల రాతిపనిముట్లు దొరికినవి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ మొదలైన పరిశోధకులు 2007లో ఈ విషయాన్ని ప్రకటించారు. క్రింది పనిముట్లకూ పై పనిముట్లకూ పోలిక ఉన్నది. అంటే అంతటి విపత్తు తర్వాత కూడా ఈ లోయలో మానవ జీవనం కొనసాగిందని వారి వాదన. ఆ మానవులు ఏ జాతివారనే విషయంమీద శాస్త్రజ్ఞులలో చర్చ ఇంకా సాగుతున్నది.

ఈ బూడిదను సూక్ష్మదర్శినిలో చూస్తే పగిలిన గాజు పెంకులవంటి రేణువులు కనిపిస్తాయి. కరిగిన రాయి ఒక్కసారిగా చల్లారడంవల్ల ఏర్పడిన గాజే ఇది. గాజుపొడి గనుక గిన్నెలకు పట్టిన మసిని బాగా గీస్తుంది. ఆ గుణమే దీనికి చేటు తెచ్చింది. పాత్రలు తోమే పొడులలో వాడటానికి దీనిని త్రవ్వి బండ్లకెత్తి అమ్ముతూ వచ్చారు. 74,000 సంవత్సరాలు భద్రంగా ఉన్న పుటలు మన కాలంలో అంట్లు తోమటానికి చిరిగిపోయినవి.

రాతికంచెలు, రాతి క్రింది బావులు

బనగానపల్లెనుంచి కొలిమిగుండ్ల వైపు సాగితే దారికి ఇరువైపులా వింతైన కంచెలు కనిపిస్తాయి. కర్రలు లేవు, ముళ్ళకంప లేదు. నిలువెత్తు నాపరాళ్ళు వరుసగా పాతి ఉంటాయి. ఇళ్ళకు గోడలూ నాపరాళ్ళే, కొన్నింటికి పైకప్పూ నాపరాళ్ళే. బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండలనే పేర్లతో ఇవి మన ఇండ్లలోకీ వచ్చినవి. కనుక తణుకులో వంటింటి గట్టుమీద కూరగాయలు తరిగే గృహిణి చేతిక్రింద కూడా రాయలసీమ సముద్రపు అడుగు ఉన్నదని చెప్పవచ్చు.

ఈ నాపరాయి సున్నపురాయి. సముద్రజలంలో కరిగి ఉన్న సున్నపు పదార్థం పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడింది. పొరకూ పొరకూ నడుమ సన్నని బంకమన్ను ఉండటంచేత బండలుగా విడిపోతుంది. దీనిలో నత్తగుల్లల కోసం వెదకవద్దు. అది పేరుకొనేనాటికి గుల్లలు గల ప్రాణులింకా పుట్టలేదు. తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నాపరాతి ముక్కను గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు లేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు. పలకరాతి పొడిమీద పిండితే ఏమీ జరుగదు.

ఈ పరీక్షనే ప్రకృతి బెలుంలో లక్షల సంవత్సరాలపాటు చేసింది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన చేల నడుమ, బావినోరువంటి గుంటలు కొన్ని ఉన్నవి. దారిన పోయేవారికి అక్కడ నిలిపిన పెద్ద బుద్ధవిగ్రహం మాత్రమే కనిపిస్తుంది. కాని ఆ గుంటలో దిగితే 3,229 మీటర్ల పొడవున సొరంగాలు వ్యాపించి ఉన్నవి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో ఈ గుహలను పేర్కొన్నాడు. 1982, 1983 సంవత్సరాలలో గెబావర్ నాయకత్వాన జర్మన్ గుహాన్వేషకులు వీటిని కొలిచి పటం తయారుచేశారు. 2002నుంచి ప్రజలకు ప్రవేశం కల్పించారు. అన్నిటికంటె లోతైన తావు, పాతాళగంగ, ద్వారంనుంచి 46 మీటర్ల దిగువన ఉన్నది. అక్కడ నేటికీ నీటిధార పారుతూ మాయమవుతుంది.

గుహ ఏర్పడిన విధం ఇది. వాననీరు గాలినుంచి, అంతకుమించి మట్టినుంచి, బొగ్గుపులుసు వాయువును గ్రహించి అతి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. రాతిలోని సన్నని పగులులో దిగి సున్నాన్ని కరిగిస్తుంది. పగులు సందు అవుతుంది, సందు సొరంగం అవుతుంది. నీటిమట్టం దిగిపోయిన తర్వాత సొరంగం ఖాళీగా మిగులుతుంది. ఆ పిమ్మట కప్పునుంచి కారే ఒక్కొక్క బొట్టు, తాను మోసుకొచ్చిన సున్నాన్ని కొంచెం కొంచెంగా వదలుతుంది. కప్పునుంచి మఱ్ఱి ఊడలవలె వ్రేలాడే వాటిని స్టాలక్టైట్లనీ, నేలనుంచి పుట్టలవలె లేచే వాటిని స్టాలగ్మైట్లనీ అంటారు. బెలుంలో ఒక గదిలో ఇవి వేల పడగలవలె కమ్ముకొని ఉన్నవి. తాకితే చేతి చెమట, జిడ్డు అంటుకొని వాటి పెరుగుదల దెబ్బతింటుంది. విద్యార్థులకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకువెళ్ళాలి.

పెన్న కోసిన కొండ

తాడిపత్రినుంచి జమ్మలమడుగు వైపు మళ్ళితే గండికోట చూడవచ్చు. ఎర్రమల కొండలకు పెన్నానది పెట్టిన గండి వల్లనే ఆ కోటకు ఆ పేరు. దాదాపు మూడువందల అడుగుల లోతున, రెండు ఎర్రని రాతిగోడల మధ్య నది పారుతున్నది.

వేసవిలో ఇసుకపట్టుగా కనిపించే పెన్న కొండను ఎట్లా కోసింది? మెత్తని నీరు గట్టిరాతిని కోయలేదు. వరదలో కొట్టుకువచ్చే ఇసుక, గులకరాళ్ళే పళ్ళు. నీరు వాటిని ఆడించే రంపపు పిడి మాత్రమే. ఇక్కడి రాతిలో నిలువు పగుళ్ళు ఉన్నవి. నది అడుగున తొలిచేకొద్దీ ఆ పగుళ్ళ వెంట పెద్ద పెద్ద దిమ్మలు విరిగి పడతాయి. అందుచేత గోడలు ఏటవాలుగాక నిట్టనిలువుగా మిగిలినవి. కొండ ప్రతి సంవత్సరం అరిగేది చాలా స్వల్పం. ఆ స్వల్పాన్ని లక్షల సంవత్సరాలతో హెచ్చవేస్తే వచ్చిన లబ్ధం గండికోట.

గుండ్రాళ్ళూ గూటిబైలు మఱ్ఱి

తాడిపత్రి దాటి అనంతపురం చేరేలోగా నేల మారిపోతుంది. పొరలుగల రాళ్ళు అంతమై, 250 కోట్ల సంవత్సరాలు పైబడిన గ్రానైట్, దాని చుట్టాలైన శిలలు మొదలవుతాయి. అనంతపురం, పెనుకొండ, లేపాక్షి ప్రాంతాలలో గుండ్రాళ్ళు ఒకదానిమీద ఒకటి దొంతిపెట్టినట్లు నిలిచి ఉంటాయి. రాక్షసులు ఆడుకొని వదలినవని పల్లెలలో కథలు చెప్పుకొంటారు. లేపాక్షిలో రోడ్డుప్రక్కనే ఉన్న ఎనిమిది మీటర్ల పొడవైన నందిని అట్టి ఒకే బండనుంచి 16వ శతాబ్దంలో శిల్పులు తొలిచారు.

శిల్పికి ముందు ఈ బండలను గుండ్రంగా చెక్కింది నీరు. భూమి లోపల ఉన్నప్పుడే గ్రానైట్‌లో అడ్డంగా, నిలువుగా పగుళ్ళు ఏర్పడి, రాయి పెద్ద ఇటుకల పేర్పువలె ఉంటుంది. పగుళ్ళలోకి ఇంకిన నీరు రాతిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని మెత్తని మన్నుగా మారుస్తుంది. దిమ్మ ముఖాన్ని ఒక వైపునుంచి, అంచును రెండు వైపులనుంచి, మూలను మూడు వైపులనుంచి నీరు తింటుంది. కాబట్టి మూలలు ముందు అరిగి దిమ్మ గుండ్రమవుతుంది. తర్వాత వానలు చుట్టూ ఉన్న మన్నును కడిగివేయగా, గుండ్రాళ్ళు పేర్చినవి పేర్చినట్లే బయటపడతాయి. నమ్మకం కలుగకపోతే, మూలలు తేలిన పటికబెల్లపు గడ్డను పళ్ళెంలో నీటిలో ఉంచి, పది నిమిషాల తర్వాత దాని మూలలు చూడండి.

ఈ రాళ్ళనేలలోనే, కదిరికి కొంత దూరంలో గూటిబైలు గ్రామంవద్ద, తిమ్మమ్మ మఱ్ఱిమాను ఉన్నది. దూరంనుంచి అది చిన్న అడవివలె కనిపిస్తుంది. దాని కొమ్మలు ఇంచుమించు అయిదెకరాల నేలను కప్పినవి. 1989లో గిన్నిస్ గ్రంథం దానిని ప్రపంచంలోకెల్ల పెద్ద మఱ్ఱిగా నమోదు చేసింది. 1434లో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి గుంజనుంచి ఇది మొలిచిందని స్థలపురాణం. వానలేని సీమలో ఇంతటి మాను ఎట్లా బ్రతికింది? మఱ్ఱి కొమ్మలనుంచి దిగిన ఊడ నేలను తాకగానే వేరై, క్రమంగా మానై, తన కొమ్మకు తానే నీరు తోడుతుంది. ఒక చోట నీరు తగ్గినా మరొక చోట ఊడ ఆదుకొంటుంది. దళసరి ఆకులమీది మైనపుపూత ఆవిరిపోకను అరికడుతుంది. మాను నీడ నేలను చల్లగా ఉంచి తేమను కాపాడుతుంది. తెనెరే చెట్టుకు ఒక్క కాండమే. అది కూలితే అంతా పోయింది. ఈ మానుకు వందలాది కాళ్ళు ఉన్నవి. అంతకుమించి దానికి ప్రజల భక్తి అండగా నిలిచి గొడ్డలిని దూరంగా ఉంచింది.

ఇసుక నడిచి వచ్చే ఊరు

ఇంతవరకు చూచినవన్నీ నీరు చేసిన పనులు. చివరి కొండగుర్తు నీరు వెళ్ళిపోయినందువల్ల ఏర్పడింది.

అనంతపురంనుంచి పడమరగా రాయదుర్గం సీమకు పోతే వేదవతీ నది వస్తుంది. హగరి అని దానికి మరొక పేరు. కర్ణాటకలో పుట్టి, అనంతపురం జిల్లాను తాకి, తుంగభద్రలో కలుస్తుంది. బొమ్మనహాళ్ మండలంలో దర్గాహొన్నూరువంటి గ్రామాలవద్ద పొలాల నడుమ ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. నైరుతి గాలులు బలంగా వీచే నెలలలో నదీగర్భంలోని ఎండిన ఇసుక లేచి ఒడ్డునున్న చేలమీద పడుతుంది. రాజస్థాన్ బొమ్మలలో చూచే దిబ్బలు మన రాష్ట్రంలో వేరుసెనగ చేను ప్రక్కన ఉన్నవి.

గాలి ఇసుకను ఎట్లా మోస్తుంది? బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి సహారాలో మోటారుబండ్లపై తిరిగి, తర్వాత గాలిసొరంగంలో ప్రయోగాలు చేసి, ఈ విషయాన్ని 1941లో ఒక గ్రంథంగా ప్రకటించాడు. ఇసుకరేణువు దుమ్మువలె తేలిపోదు, గెంతుతూ పోతుంది. ఒక రేణువు లేచి, గాలివాటున ముందుకు వంగి పడి, మరికొన్నింటిని ఎగరగొడుతుంది. అవి మరికొన్నింటిని ఎగరగొడతాయి. ఈ ఇసుకలో అధికభాగం మోకాలి ఎత్తు లోపలే ప్రయాణం చేస్తుంది. దిబ్బ గాలివైపు మెల్లగా ఎక్కి, అవతలివైపు జారిపడుతుంది. ఆ జారుడు వాలు దాదాపు 33 డిగ్రీలు. బడి ఆవరణలో పొడి ఇసుకను మెల్లగా పోసి, ఏర్పడిన కుప్ప వాలును కోణమానినితో కొలవండి. ఇంచుమించు ఆ అంకే వస్తుంది. తర్వాత ఆ ఇసుకను తడిపి మళ్ళీ పోయండి. ఈసారి అది నిలువుగా కూడా నిలుస్తుంది. విసనకర్రతో విసిరినా కదలదు. రేణువుల నడుమ పలుచని నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది. ఇసుకకు నీరే కళ్ళెం.

కళ్ళెం ఎందుకు ఊడింది? వాన తక్కువ కావడం, ఎగువన ఆనకట్టలు వెలయడం, బోర్లు లోతుగా దిగటం, ఒడ్డున పొదలు నరికివేయటం, వీటిలో ఏ ఒక్కదానిమీదనో నెపం వేయలేము. నదిలో నీరు పారే దినాలు తగ్గినకొద్దీ ఇసుక ఆరే దినాలు పెరుగుతాయన్నది మాత్రం నిజం. సారవంతమైన నేల ఈ విధంగా పనికిమాలినదిగా మారటాన్ని ఎడారీకరణ అంటారు. ఐక్యరాజ్యసమితి 1994లో దీనిని ఎదుర్కొనటానికి ఒడంబడిక కుదిర్చింది. జూన్ 17ను ఇందుకు ప్రత్యేక దినంగా పాటిస్తున్నారు.

దీనికి వైద్యం లేకపోలేదు. 1952లో జోధ్‌పూర్‌లో ఆరంభమై 1959లో కేంద్ర శుష్కమండల పరిశోధన సంస్థగా రూపొందిన సంస్థవారు, దిబ్బలమీద ముళ్ళకంపను చదరపు గళ్ళుగా పాతి, ఆ గళ్ళలో గడ్డి, చెట్లు నాటే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. ఇసుక మోకాలి ఎత్తులోపలే పోతుంది గనుక కొద్దిపాటి అడ్డు కూడా దానిని ఆపుతుంది. వేళ్ళు పట్టిన తర్వాత చెట్టే అడ్డు.

ఉపాధ్యాయులకు ఒక మాట

తిరుమల కొండమీది శిలాతోరణాన్ని, ఘాట్ రోడ్డు ప్రక్కన రెండు యుగాల శిలలు కలిసే సరిహద్దును భారత భూగర్భ పరిశోధన సంస్థ జాతీయ స్మారకాలుగా గుర్తించింది. ఏటా లక్షలాది యాత్రికులు వాటి ప్రక్కనుంచి పోతూనే ఉన్నారు. అక్కడ గుర్తింపు పలక అయినా ఉన్నది. జ్వాలాపురం బూడిదవంటి వాటికి, వేల సంఖ్యలో ఉన్న గుండ్రాళ్ళకు అదీ లేదు. గ్రానైట్‌కు గిరాకీ ఉన్నన్నాళ్ళు గుండ్రాయి ఏదో ఒక ఇంటి నేలగా మారవచ్చు. విలువ తెలిసినవారు ఊరికి నలుగురైనా ఉంటే, త్రవ్వకానికి ముందు అడిగేవారుంటారు.

కాబట్టి విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్ళే ఉపాధ్యాయులు భూతద్దం, కొలతపట్టె, కోణమానిని, నిమ్మకాయలు, నోటుపుస్తకం వెంట ఉంచుకొంటే చాలు. సుత్తి అక్కరలేదు, రాలిపడిన ముక్కలే చాలినన్ని ఉంటాయి. ప్రతి కొండగుర్తు ముందు బస్సు ఆపి మూడు ప్రశ్నలు వేయించండి. ఇక్కడ నీరు ఎప్పుడైనా ఉన్నదా? ఉండి ఏమి చేసింది? ఇప్పుడు ఎక్కడికి పోయింది?

తిరిగి వచ్చిన తర్వాత ఇవే ప్రశ్నలను మన ఊరి కాలువగట్టుమీద నిలబడి అడగాలి. మొదటి రెండింటికి జవాబు మన కళ్ళయెదుటనే పారుతున్నది. మూడవది మన ఊరికి ఇంకా ప్రశ్న కాలేదు. హగరి ఒడ్డున అది ఈనాడు రైతు పొలంలో దిబ్బగా నిలిచి ఉన్నది.